దూకే మీట

ఇది అసలు ఆట కాదు. ఆ సంగతి నాకూ తెలుసు.
మా పిన్ని కొడుకు ఫోనులోంచి నా ఫోనులోకి
బ్లూటూత్ మీద ముప్పావుగంట పాకుతూ వచ్చింది.
ఎక్కించేటప్పుడు ఫోను బెదిరించింది:
ఎవరు చేశారో తెలియదు, హాని జరగవచ్చు.
దీనికి ఇంకేం హాని మిగిలింది గనక,
సరే అని నొక్కాను.

సెంకాటా మలుపులో మినీబస్సు తలుపు దగ్గర జారిపడి
కుడి మూల పగిలిపోయింది స్క్రీను.
సరిగ్గా ఆ పగులు కిందే ఉంది దూకే మీట.
అందుకని నావాడు దూకడు.
పచ్చజుట్టు వాళ్లూ నీలిజుట్టు వాళ్లూ
మబ్బుల్లోంచి నిప్పుముద్దలు రువ్వుతుంటే
వీడు కాళ్లు పాతుకుని,
ముంజేతులు అడ్డం పెట్టుకుని
వాళ్లు దిగేదాకా కాచుకుంటాడు.
ఎప్పటికైనా దిగాలి కదా.

ఎల్ ఆల్తోలో పొద్దున్న అయిదింటికి
వేళ్లు వేళ్లలా ఉండవు.
ముట్టుకున్నా స్క్రీను ఒప్పుకోదు,
ఎవడో చచ్చినవాడు తాకాడనుకుంటుంది.
చంకలో దాచి, ఊది, రుద్ది
నా చేతులేనని నమ్మించాలి.
దోన్ ఫ్రోయ్‌లాన్ ఇంజను వేడెక్కించేలోగా ఒకే ఒక్క పందెం.
ఆ తర్వాత రాత్రిదాకా తలుపుకు వేలాడుతూ
సేహా, సేహా, రియో సెకో, వియ్యా అదేలా, వెంతీయా,
ఒక్క ఊపిరిలో ఊరంతా.

వాడూ అంతే,
గుద్దే ముందు జపాను మాటల్లో ఏదో అరుస్తాడు.
ఆ ఆటలో అరవకుండా గుద్దినవాడు లేడు.
ఈ బుల్లి స్పీకరులో ఆ అరుపు
రేకుడబ్బాలో గులకరాళ్లు.
అర్థం తెలియదు. అది వాడు
దిగాల్సిన చోటు పేరనుకుంటాను.

యోసెలిన్ వాళ్లమ్మ బస్సుల దగ్గర
ఊదారంగు ఆపి అమ్ముతుంది, పొగలు కక్కుతూ.
గ్లాసులు కడిగే మధ్యలో యోసెలిన్
పన్నెండు సెకన్లలో నన్ను మట్టి కరిపించి అడిగింది:
దూకలేవా?
దూకను, అన్నాను.
ఒక్క అక్షరం తీసేస్తే చాలు,
పరువు దక్కుతుంది.

పదకొండో లెవెల్ వేరు.
అక్కడ కోటలు లేవు, పేలిపోయే గ్రహాలు లేవు.
ఒక వీధి. ఎవరో ఫోటో తీసి అతికించిన వీధి.
సున్నం లేని ఇటుక గోడ, నీలం డ్రమ్ము,
తీగ మీద మూడు చొక్కాలు,
గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఒక ముసలావిడ
ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడు గింజలు ఏరుతూ.
మన ఎముకల్ని కొరికే చలి అక్కడ లేదు, ఆవిడ భుజాలు చూస్తే తెలుస్తుంది.
నాలుగు సెకన్లకోసారి చెయ్యి కదులుతుంది.
ముందర మేం ఒకరినొకరం చంపుకుంటుంటే,
వెలుగు తగిలి తెరంతా తెల్లబోతుంటే,
తలెత్తదు.

ఈ ఆట కుట్టినవాడి అవ్వ అయ్యుంటుంది.
అడగడానికి వాడి పేరు ఎక్కడా లేదు.
అక్కడికి చేరితే నేను కొట్టను, కాచుకుంటానంతే,
తొంభైతొమ్మిది సున్నా అయ్యేదాకా.

మొన్న కొత్తది వచ్చింది.
ఇంకో పదిమంది వీరులు, చెదరని రంగులు,
మీటల్ని ఎక్కడికైనా జరుపుకోవచ్చు.
దూకే మీటని ఎడమ బొటనవేలి కిందకి లాగాను.
దూకాడు!
నావాడు, నా లింబెర్ వీరుడు, బస్సు టాపుని మించి,
మళ్లీ దూకాడు, ఊరికే, ఎదుట ఎవరూ లేకపోయినా.
ఆ ఊపులో పది లెవెళ్లు గడిచాయి.

పదకొండు.
గోడ ఉంది. డ్రమ్ము ఉంది.
తీగ మీద రెండే చొక్కాలు.
కుర్చీ ఉంది.

గాలిలో ఉన్నవాణ్ని గాలిలోనే ఆపి చూశాను.
చేట గోడకి ఆనించి ఉంది.

తీసేశాను దాన్ని.
పిన్ని కొడుకు తిట్టుకుంటూ పాతదాన్ని మళ్లీ పంపాడు,
మళ్లీ ముప్పావుగంట,
మళ్లీ ఫోను అదే బెదిరింపు.

ఇవాళ దోన్ ఫ్రోయ్‌లాన్ రెండుసార్లు హారన్ కొట్టాడు.
గడియారంలో ఇంకా నలభై ఒకటి.
వస్తున్నా, అని అరిచాను,
కాళ్లు పాతుకునే.
ఆవిడ ఇంకా ఏరుతోంది.